ఒకటికి మూడొందల ఇరవై

పొగతోటలో మా ల్యాబు మెట్ల కింద
పొద్దున ఆరున్నరకే చెప్పులు జతలు జతలుగా.
పరగడుపున వచ్చినవాళ్ళు
ఎదురు హోటలు కాఫీ వాసనకు మొహం తిప్పుకుంటారు.
ఆ వరసలో వెంగమాంబ.
పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో ఏరుడు కూలి,
ముప్పై ఆరేళ్ళు,
కళ్ళు మాత్రం బాగా పండిన కాయ.

సూది గుచ్చుతుంటే చెయ్యి చూడలేదు, నన్ను చూసింది.
"మూడు వారాలు పసరు తాగినానమ్మా.
ఉప్పు మానేసినా, నూనె మానేసినా,
ఇంకేం మానాల్నో చెప్పేవాళ్ళు లేరు."
గొంతు తగ్గించి,
"చాటుగా తాగతాదంట అంటుండారు మార్కెట్లో.
గ్యాసని నేను సోడా కూడా ముట్టను.
తాగుడు కాదని ఆ కాగితంలో
ఒక్క ముక్క రాయమ్మా."

పేరు, వయసు, ఆడా మగా, పంపిన డాక్టరు,
ఫలితం, ఉండాల్సిన హద్దు.
ఒక్క ముక్క రాసే గడి లేదు మా కాగితంలో.
బి వైరసు లేదు, సి వైరసు లేదు అని
మొన్న కొట్టిచ్చిన కాగితాన్ని
ఇంకా జాకెట్లోనే దాచుకుని ఉంది,
ఎవరో మెచ్చుకుంటూ రాసిన ఉత్తరంలా.

రక్తం గడ్డకట్టాక పైన తేరేది
లేత గడ్డి రంగులో ఉండాలి.
ఆమెది టీ డికాక్షను.
ఒక చుక్కకు ముప్పై తొమ్మిది చుక్కల ఉప్పునీళ్ళు.
అందులో సగం తీసి అంతే నీళ్ళు,
మళ్ళీ సగం, మళ్ళీ సగం.
పాలల్లో నీళ్ళు కలిపితే పాపం,
నాకైతే జీతం.

గాజు పలక మీద ఎలుక కాలేయం, మూత్రపిండం, కడుపు
ఉల్లిపొర కన్నా సన్నగా తెగి ఉంటాయి.
వాటి మీద వెంగమాంబ,
పక్క గడిలో నేను.
తేడా తెలియడానికి ప్రతిసారీ నా రక్తమే పోస్తాను.
తడి డబ్బాలో అరగంట.
కడిగి, మెరిసే మందు వేసి, మళ్ళీ కడిగితే
అంటుకున్నది ఉంటుంది, కానిది పోతుంది.

దీపం ఆర్పి కన్ను ఆనించాను.
నా గడి చీకటి.
ఆరోగ్యమంటే ఇలా ఏమీ కనపడకపోవడమని
ఎవరికైనా చెబితే నవ్వుతారు.
ఆమె గడి జరపగానే
కడుపు కండరాల పొరంతా, నెత్తురు నాళాల అంచులంతా
పచ్చగా, దీపావళి తీగల్లా.

మనకు పచ్చ అంటే రెండు రంగులు.
కామెర్లూ పచ్చే, పసరూ పచ్చే,
ఇదీ పచ్చే.
రక్తం తీసేటప్పుడు చెప్పింది,
కళ్ళు మూసుకుని ఏరగలనని:
"గట్టికాయ ఢిల్లీ లారీకి, పండుకాయ ఊళ్ళోకి,
మచ్చది పక్కన పారేసేదానికి.
చెయ్యి తగిలితే తెలిసిపోద్ది."
ఆమె లోపలా ఉంటారు అలాంటి ఏరుడు కూలీలు,
రాత్రీ పగలూ కూర్చుని.
ఏ పొద్దు చేతికి మరుపొచ్చిందో,
తన తోట కాయల్నే
మచ్చకాయలని విసిరేస్తున్నారు.

నూట అరవై దగ్గర వెలుగు.
మూడొందల ఇరవై దగ్గర, అలిసిన వెలుగు.
ఆరొందల నలభై దగ్గర నాలాగే చీకటి.
రాసి సంతకం పెట్టాను.

రెండో రోజు డాక్టరు గదిలోంచి సరాసరి వచ్చింది.
ఇదొక్కటే చాలదన్నాడట,
సూదితో కాలేయం లోంచి కాస్త తీసి చూడాలట.
"ఒక్క ముక్క రాయమంటే
ఒక్క ముక్క తీస్తామంటుండారు గదమ్మా"
అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.
కాగితం కిటికీ లోంచి లోపలికి తోసి
"తాగుడు కాదని ఉండేది ఏ వరస?"

ఏ వరసలోనూ లేదు.
ఒకటికి మూడొందల ఇరవై అన్నచోట
వేలు పెట్టాను.
ఆమె బొటనవేలి గోటితో అక్కడ గట్టిగా గీసుకుంది,
మార్కెట్లో నలుగురి ముందు
వెతుక్కోకుండా.