మూడు తలలకు రెండు చేతులు

పొద్దున తొమ్మిదిన్నర. కిటికీ అవతల ఇంకా రాత్రే.
నవంబరులో వెళ్ళిపోయిన సూర్యుడు
జనవరి చివర్లో వస్తాడని క్యాలెండరు పూచీ.
ముప్పై ఏళ్ళు రేవులోని ఫ్యాక్టరీలో
చేపల తలలు కోసిన చేతులు నావి.
ఇప్పుడు బాలవాడిలో తడిసిన ఊలు తొడుగుల్ని
ఆరబెట్టే బీరువాలో జతలు చేస్తుంటాయి.
పద్నాలుగుంటే ఏడుగురూ లోపలున్నట్టు.
పదమూడే ఉంటే
ఎవరిదో ఒక చెయ్యి మంచులో ఉన్నట్టు.
నాకొచ్చిన గణితం అంతే.

రాగ్న్‌ఫ్రీద్ టీచరు కథ ఎత్తుకుంది.
అనగనగా ఒక ఏరు,
ఏటి మీద వంతెన,
వంతెన కింద మూడు తలల కొండరాకాసి.
పిల్లలు ఊ కొట్టడం కూడా మరిచిపోయారు.

గోడ మీద ఇరవై తొమ్మిది అక్షరాలు.
వరసలో చిట్టచివరిది,
చాచిన రెండు కాళ్ళు, నడుముకో పట్టీ,
నెత్తిన చిన్న సున్న.
దాని పేరు ఓ.
మా నార్వే భాషలో ఓ అంటే ఏరు.
ఒక్క అక్షరమే ఒక మాట, మాట నిండా నీళ్ళు.
"చదివేశాను!" అని సున్నీవా లేచి గంతేసింది.
నిజమే, చదివేసింది.
నాచేత చిన్నప్పుడు ఆ అక్షరాన్ని
వందసార్లు దిద్దించారు.
అందులో నీళ్ళున్నాయని ఎవరూ చెప్పలేదు.

"రాకాసికి చలేస్తోంది. టోపీలెన్ని అల్లాలి?"
"మూడు!"
"చేతి తొడుగులు?"
"మూడు!" అదే ఊపులో, అదే కేకతో.

"రెండే."

ఐలిఫ్.
సెప్టెంబరు నుంచి
అవునూ కాదూ అని తలతోనే చెప్పినవాడు.
"తలలు మూడు. చేతులు రెండు.
చెంచాలు రెండే పడతాయి.
ఒక నోరు ఎదురు చూడాలి."
కాసేపాగి, మేజోడు బొటనవేలు లాక్కుంటూ,
"అందుకే దానికి కోపం."

మూడులోంచి రెండు పోతే ఒకటి.
పలక మీద అది అంకె.
ఐలిఫ్ ఇంట్లో అది ఐలిఫ్.
వాళ్ళ నాన్న చేపల ఓడలో, ఈస్టరు దాకా రాడు.
వాళ్ళమ్మ రెండు చంకల్లో కవల పాపలు,
వాళ్ళ వెనక కోటు అంచు పట్టుకుని
తన సంచీ తానే మోసుకుంటూ వీడు.
రోజూ తలుపు తీసేది నేనే.
రోజూ చూస్తూనే ఉన్నాను, లెక్క కట్టలేదు.

టీచరు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.
పుస్తకంలోనైతే
ఇప్పుడు రాకాసి ఏట్లో పడి కొట్టుకుపోవాలి.
పుస్తకం మూసేసింది.

"మధ్య తలకి ముందు పెట్టాలి" అంది తోర్దిస్.
"వంతులు వేసుకోవాలి" అన్నాడు రోకస్,
లిథువేనియా నుంచి వచ్చి మూడు నెలలు,
వంతులన్న మాట మాత్రం గట్టిగా నేర్చాడు.
"మనమే వంతెన మీంచి తినిపిద్దాం!"
వంటింట్లోకి పరుగు. గలగలా చెంచాలు.
పిల్లలవి ఏడు, రాకాసివి రెండు,
నేల మీద పరిచి, కలిపేసి, మళ్ళీ విడదీసి,
యోరుండ్ ఒకటి నోట్లో పెట్టుకుంటే లాక్కుని,
మూడు నోళ్ళకీ మూడేసి వచ్చేదాకా
ఎవరూ లేవలేదు.
ఇది భాగహారం అని వాళ్ళకెవరూ చెప్పలేదు.
నేనూ నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నం చేపల సూప్.
ఐలిఫ్ పక్కన పొట్టి కుర్చీలో ఇరుక్కుని
చెంచా ముంచి, ఊది, పట్టుకున్నాను.
"నేను తినగలను" అన్నాడు చిరాగ్గా.
అయిదేళ్ళు నిండాయి మరి వాడికి.
"తెలుసు" అన్నాను.
చెయ్యి దించలేదు.

కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.
నోరు తెరిచాడు,
గుండ్రంగా,
ఆ చివరి అక్షరం నెత్తి మీది సున్నంత.