గాలి వాటా

ఈ ఊరి పేరు దుఖుమ్.
ఫోన్ల చెప్తే మా అవ్వ పోసవ్వకు
దుఃఖం అని వినబడ్డది.
"గదేం పేరు బిడ్డా, వేరే ఊరికి మార్చుమనరాదూ" అన్నది.

ఇక్కడ నా పని బోల్టులు బిగించుడు.
తొంభై మీటర్ల ఇనుప గొట్టం లోపట
ఒక్కో అతుకుకు నూటిరవై బోల్టులు.
బిగించినంక ఒక్కో దాని మీద
తెల్ల పెయింటుతోని గీత గీస్త.
గీత పక్కకు జరిగిందంటే
బోల్టు వదులైనట్టు.
మూడో తరగతిల బడి బందువెట్టిన చెయ్యి
రోజుకు ఏడు వందల గీతలు రాస్తది.

ఇయ్యాల గాలి కొన్నోళ్లు వచ్చిండ్రు.
ఆరు తెల్ల కార్లు, కొత్త హెల్మెట్లు,
ఒకదానికి ధర చీటీ ఇంకా ఊగుతున్నది.
మస్కట్ల ముత్యాల యాపారం చేసిన ఇంటోళ్లట,
సముద్రం అవతలి పింఛన్ల కంపెనీ ఆమెనట,
గడ్డం సన్నగ గీసుకున్న పడుచు సేటు ఒకడు.
ఇంజనీరు తెర మీద గీతలు చూపిస్తున్నడు:
"ఈ గాలి రాత్రి కూడ పనిచేస్తది,
జీతం అడగది, సెలవు అడగది."
అందరు నవ్విండ్రు.
నేను కూడ నవ్విన, ఎందుకో.

"పెట్టుబడి ఎన్నడు తిరిగొస్తది?"
"ఎనిమిదేండ్లకు. ఆనక పదిహేడేండ్లు ఉత్త లాభమే."
నేను గోడకానుకొని లోపల్లోపట లెక్కేసిన.
వీసాకు తెచ్చిన లక్షా ఎనభై,
మూడు రూపాయల మిత్తి.
నాలుగేండ్లకు నేనే ముందు బయటపడ్త.
ఆనక పదిహేడేండ్ల గురించి
నా తెర మీద గీత లేదు.

"గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలె,
వాళ్లు అదే చేస్తున్నరు, తప్పేంది?"
అన్నడు రాజలింగు, నా మంచం కిందోడు.
తప్పని నేను అన్ననా?

సేటు మీట నొక్కిండు.
అరవై రెండు గాలిమరలు
నిలవడ్డ చోటనే నిలవడ్డయి.

ఖహ్వా పోసిండ్రు. ఖర్జూరాల మీద ఈగలు.
పింఛన్ల ఆమె వేలు తడిచేసి పైకి లేపింది.
ఇంజనీరు మెడ మీద చెమట దిగుతున్నది.
అరవై రెండింట్ల ఒకదాని నీడల
మేకలు మేపే ముసల్లమ్ కూసున్నడు.
నీడ జరిగినకొద్దీ తనూ జరుగుతడు,
అతని గడియారం అదే.
"నిన్న ఉండె, రేపు ఉంటది," అన్నడు అరబ్బీల,
"ఇయ్యాల దానికి వేరే పని పడ్డదేమో."

నాకు మా కళ్లం యాదికొచ్చింది.
ముక్కాలి పీట మీద అవ్వ,
తలకంటె పైన చేట, చేట నిండ వడ్లు,
ఆకు కదలదు.
దూడను పిలిచినట్టు
నాలిక చప్పరించి గాలిని పిలుస్తది.
వస్తే గింజ మాది, పొల్లు గాలిది.
ఏ కాగితం రాసుకోలే.
తన వాటా తనే మోసుకపోయేటిది,
పక్క చేన్లెకు,
ఒక్కోసారి మా కండ్లల్లకు.

నాకు తెల్వకుంటనే నాలిక చప్పరించిన.
సూపర్‌వైజర్ ఇటు తిరిగి చూసిండు.
గాలి రాలే.
కార్లు మూడింటికి తిరిగిపోయినయి.

రాత్రి రెండింటికి రేకు తలుపు కొట్టుకున్నది.
లేచి బయటికొస్తే
చీకట్ల అరవై రెండు ఎర్ర దీపాలు,
వాటి ముంగట పెద్ద పెద్ద రెక్కలు
దీపాన్ని ఆర్పుకుంట, వెలిగించుకుంట.
తీగెలు ఓడరేవు దిక్కు పోతయి.
మా క్యాంపు ఎనుక
డీజిల్ జనరేటరు దగ్గుతనే ఉన్నది.

లోపలికొచ్చి చూస్తే దుప్పటి మీద
సన్నటి ఇసుక, పొరకు పొర.
దులుపుదామని చెయ్యి లేపి
ఊకున్న.

తెల్లారి ఫోన్ చేసి
"గాలొచ్చిందే అవ్వా" అన్న.
దినాం పొలానికి పోయొచ్చినోణ్ని అడిగినట్టు
అడిగింది:
"గింజ ఎంతయ్యింది బిడ్డా?"