రంగు పట్టని చోటు

మొదటి మచ్చ వాచీ పట్టీ కింద పడింది.
కందిగింజంత.
కొయ్యకు రాసుకునింటుందిలే అనుకున్నాను.
పెండ్లిండ్ల ఆర్డర్లు, తొట్టి మీద తొట్టి.
ధర్మవరంలో మా సందు కాలవ
పొద్దున నెమలికంఠం, మధ్యాహ్నం చిలకాకుపచ్చ,
సాయంత్రానికి ఏ రంగూ కాని రంగై పారుతాంటుంది.
ముప్పై ఏండ్లు పట్టుకు రంగు ఎక్కించినవాణ్ణి,
నా తోలు రంగు దిగుతాంటే
నాకే ఆలస్యంగా తెలిసింది.

"చేపలు తిని పెరుగు తాగింటావు" అనింది మా వదిన చౌడక్క.
"పామును కొట్టింటావు పెన్నోబిలేసూ" అన్నాడు కండెలు చుట్టే ముసలాయన.
నేను ఏ పామునూ కొట్టలేదు.
బావంచాలు నూరి పూసుకుంటే బొబ్బలెక్కింది,
ఆ బొబ్బ మానినచోట ఇంకో మచ్చ.
టీ అంగట్లో నా గ్లాసు మాత్రం
వేడినీళ్ళలో రెండుసార్లు మునిగేది.
నేను చూడలేదనుకుంటాడు మస్తానయ్య.
నీలంలో పదకొండు నీలాలు ఏరే కండ్లివి.

అనంతపురం పెద్దాసుపత్రి. మంగళవారం.
డాక్టరమ్మ లైటార్పి ఊదారంగు దీపం పట్టింది.
చెయ్యి మీద సున్నం మాదిరి వెలిగింది.
"ఏం పని?"
"పట్టు ఉడకేసి, తెలుపు తీసి, రంగులేస్తానమ్మా."
"తెలుపు దేంతో తీస్తావు?"
"పెరాక్సైడుతో."
నా చెయ్యి అట్లే పట్టుకునింది, కాసేపు.
తొడుగు లేకుండా పట్టుకునింది.
అది ముందు గమనించినాను, మాటలు తర్వాత విన్నాను.

"అదే నీ చర్మంలోనూ ఊరుతుంది.
తొట్టిలోది ఎక్కిందని కాదు, లోపల పుట్టేదే.
రంగు చేసే కణానికి ఆ పనిలోనే పొగ.
పొయ్యి వెలిగినాక పొగ రాదా?
ఆ పొగను విరిచేది కూడా ఒంట్లోనే ఉంటుంది.
నీకది చాల్లేదు."

ఇంకేం చెప్పక్కర్లేదు, నాకు తెలుసు.
తెలుపు తీసిన పట్టును విరుగుడు నీళ్ళలో జాడించకుండా
రంగులో ముంచితే ఏమైతుందో.
లోపల మిగిలిన పెరాక్సైడు రంగును తింటుంది.
హంక మీద మచ్చలు మచ్చలు.
ఎన్ని హంకలు పారేసినాను అట్ల,
పిల్లోళ్ళను ఎన్నిసార్లు తిట్టినాను.

"మరి మంట?" అన్నాను. చీటీలో ఆ మాట రాసింటే.
ఊపిరాడని కణం గోల పెడుతుందంట.
కాపాడేదానికి ఒంట్లోంచే మంది వస్తారంట.
వచ్చి, ఆ కణాన్నే.
ఇంకా చాలామందిని పిలుస్తారంట.

పోయినేడు సాకమ్మ గోదాములో నిప్పు పడింది.
కాలినవి పదహారు చీరలు.
ఫైరింజను నీళ్ళకు రంగు కలిసిపోయినవి నాలుగొందలు.
పాపం వాళ్ళను ఏమనాల?
కాపాడేకి వచ్చినోళ్ళు.

"నాకే ఎందుకమ్మా?"
"పుట్టుకలో కొంత, బతుకులో కొంత" అనింది.
"ఇంకొకరికి అంటదు. ఈ మాట ఇంట్లో చెప్పు."

వారానికి రెండుసార్లు బస్సు,
రెండు నిమిషాల దీపం, నూటెనభై రూపాయల ట్యూబు.
నాలుగో నెలలో ముంజేతి మీద
ఒక వెంట్రుక మొదట్లో గోధుమరంగు చుక్క.
మురికేమో అని సబ్బుతో రుద్దినాను.
పోలేదు.
మళ్ళీ రుద్దినాను. పోలేదు.
తొట్టి పక్కన కూలబడి
పిచ్చోని మాదిరి నవ్వినాను.

వేళ్ళ కొసలకు మాత్రం రాదంట.
వెంట్రుక లేనిచోట రంగుకు విత్తనం ఉండదంట.
తొడుగులేసుకుంటాను, చినిగేదాకా.
చినిగినరోజు ఆ తెల్లని కొసల మీద
ఏ రంగైనా మా బాగా పడుతుంది.

"ఏమప్పా, ఈ పొద్దు వంకాయ రంగా?"
మస్తానయ్య నా వేళ్ళు చూసి అడిగినాడు నిన్న.
అవునన్నాను.
గ్లాసు ఇంకా రెండుసార్లే మునిగింది.