చెవిలో రాయి

స్నూక్ చేపకు పొలుసు గీకే పని లేదు.
ఉందో లేదో అన్నంత పలచన,
ఒక్కసారి అరచేత్తో రాస్తే పోతుంది.
మీటరు పొడవు ఉక్కు పలక.
వీపున నలుపు, పొట్టన వెండి,
పక్కన ఒకే ఒక గీత
వీపునానుకుని వచ్చి వచ్చి
మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు కిందికి దిగుతుంది.

నోట్లో మాత్రం కత్తులు.
గాటు పడితే నెత్తురు ఓ పట్టాన గడ్డకట్టదు.
దాని కన్నే చిదిమి గాయానికి పూయాలంటాడు పా.
మా ల్యాబ్‌లో ఈ మాట ఎవరూ రాసుకోలేదు.
నేను రాసుకున్నాను, మార్జిన్‌లో, పెన్సిల్‌తో.

మే నెల, కాక్ బే రేవు, రాత్రి మూడు.
సైకిల్ ట్యూబు ముక్కలు వేళ్లకు తొడుక్కుంటాడు.
పెళ్లికొడుకు ఉంగరాలని అమ్మ వెక్కిరించేది.
వల లేదు, కర్ర లేదు.
చేతి తాడు, సీసపు గుండు,
గాలానికి సొరచేప తోలు పీలిక.
సార్డీన్ల మందను తరుముకుంటూ అది పైకి తేలితే
పడవలో ఇక మాటలుండవు.
లాగడం, చంకలో ఇరికించడం, మెడ విరవడం.
మళ్లీ తాడు.
అతని చొక్కాలన్నీ ఎడమ చంక కిందే చిరుగుతాయి.

నా పని ఒడ్డున.
తల చీల్చి చెవిలో రాయి తీస్తాను.
సన్నగా కోసి వెలుగు మీద పెడితే వలయాలు.
చలికాలంలో దూరంగా, లోతుకు పోయి
గుడ్లు వదిలి చిక్కిపోయి వచ్చిన లెక్కంతా
ఆ గింజంత రాతిలో ఉంటుంది.
"ఆరేళ్లు" అంటాను, రెండు రోజులు చూసి.
"ఆరు" అంటాడు పా, తోక పట్టి ఎత్తి.
తేడా వచ్చినప్పుడు
నేను మళ్లీ లెక్కపెడతాను.

అసలు సంగతి పాప్.
కొన్ని చేపలు చచ్చాక నీరుగారిపోతాయి.
పొద్దున రాయిలా ఉన్న కండ
సాయంత్రానికి పాలగంజి.
నిప్పుల మీద పెడితే కమ్మీల సందుల్లోంచి జారిపోతుంది.
మనిషికేం కాదు,
తినడానికే ఏమీ మిగలదు.
మైక్రోస్కోప్ కింద చూశాను వాటిని:
నాలుగు రేకుల చుక్కలు, కండ పోగుల్లో,
చేప ఈదినన్నాళ్లూ అద్దెకున్నవాళ్లలా మర్యాదగా.
పాకి చుక్కలు తెలియవు.
వీపు మీద బొటనవేలు నొక్కి
పక్కన పడేస్తాడు, లేదా పడేయడు.
నలభై ఏళ్లలో ఒక్క పాప్ అమ్మలేదని
రేవులో అతనికి గిట్టనివాళ్లు కూడా చెబుతారు.

మొన్న శుక్రవారం గలీమా సలీ తిరిగొచ్చింది.
పేపరు చుట్ట, అడుగంతా తడి.
అందరి ముందూ విప్పలేదు.
మంచు డబ్బాల వెనక్కి పిలిచి చూపించింది.
అరిచి ఉంటే బావుండేది.
రెండు చేపలిచ్చాడు పా,
ఆమె ఒకటే తీసుకుంది.

ఆ రాత్రి నా సూది అడిగాడు, ల్యాబ్‌ది.
బొటనవేలు చాపి "గుచ్చు" అన్నాడు.
గుచ్చాను.
చిన్న ఎర్రచుక్క వచ్చింది.
కిటికీ వైపు చూస్తూ
"గుచ్చమన్నానా" అన్నాడు.

ఆదివారం మామూలుగానే
వీపు వైపు నుంచి కోసి పుస్తకంలా తెరిచాడు.
ఉప్పు పట్టించి గాలికి ఆరబెట్టాడు.
వెన్న, వెల్లుల్లి, ఆప్రికాట్ జామ్,
బూడిదలో చిలగడదుంపలు.
పైన జామ్ నల్లబడుతుంటే
కింద కండ రేకులు రేకులుగా విడుతుంది,
నూనె ఓడుతూ, పొగ వాసనతో.
స్నూక్‌ని చేత్తోనే తినాలి.
ముళ్లు పొడుగు, దాక్కునే రకం కావు,
వేళ్లే ముందు చూస్తాయి.
ఈసారి పా నాలుకతో వెతుక్కున్నాడు.
చాలాసేపు తిన్నాడు.
మేం కంచాలు తీయకుండా కూర్చున్నాం.

సోమవారం పడవలొచ్చే వేళకు
ల్యాబ్ కోటుతోనే నన్ను రేవుకు లాక్కెళ్లాడు.
తడి సిమెంటు మీద వరసగా ముప్ఫై చేపలు.
నా బొటనవేలు పట్టి
మొదటి దాని వీపున ఆనించాడు.
"నొక్కు. ఏం తెలిసింది?"
"ఏమీ తెలియలేదు, పా."
"సరే," అన్నాడు, "ఇంకోటి."