హారంలోంచి ఒకరు

మా ఆఖరి బస్సు సాయంత్రం ఆరుంబావుకి.
ఆ తర్వాత ఎక్కడికైనా వెళ్లాలంటే
కాళ్లుండాలి, లేదా బావమరిదికి కారుండాలి.
అయినా ప్రభుత్వం కళ్లకి మేం మహానగరమే:
రెండు కౌంటీలు, మూడు వంతెనలు,
గాలి ఎటు తిరిగితే అటు తిరిగే కాగితపు మిల్లు కంపు.

మూడు నెలలకోసారి ఫాక్స్‌బెండ్ నాడి చూసేది నేను.
కాలేజీ నేలమాళిగలో, బాయిలరు పక్క బల్ల మీద,
ఎన్ని కార్లు అమ్ముడయ్యాయో
ఎన్ని హోటలు పరుపులు నలిగాయో
చెత్తబండి తూకం ఎన్ని టన్నులు చూపిందో
(చెత్త తగ్గితే భయం. కొన్నవాడేగా పారేసేది)
అన్నీ కలిపి, వడపోసి, ఋతువుల వంకర్లు సరిచేసి
ఒక్క అంకె తీస్తాను.
కాకిలెక్క కాదు. ప్రతిదానికీ రసీదుంది.

ఈసారి అంకె లేచింది.

జులైలో ఓ రాత్రి వడగళ్లు పడ్డాయి, ఒక్కోటి బంగాళాదుంపంత.
తెల్లారేసరికి రెండువేల పైచిలుకు కప్పులకి చిల్లులు.
చిల్లు చిల్లుకీ ఒక బీమా చెక్కు,
చెక్కు చెక్కుకీ ఒక మరమ్మతు పర్మిట్,
పర్మిట్లన్నీ నా గళ్లలోకి చేరి
నిర్మాణరంగం అనే వరుసలో పచ్చగా మెరిశాయి.
ఊరి నెత్తి పగిలింది,
ఊరి ఒంట్లో కులాసాగా ఉంది.

నిరుద్యోగమూ తగ్గింది.
ఎలా తగ్గిందో నాకు ఇంకా బాగా తెలుసు.
మా అన్న ఆర్లో, రెండో నంబరు యంత్రం మీద ఇరవయ్యారేళ్లు.
ఫిబ్రవరిలో ఆ యంత్రాన్ని విప్పి, ఓడెక్కించి ఎటో పంపారు.
ఆర్లోని ఎక్కడికీ పంపలేదు.
వేసవి సగం దాకా దరఖాస్తులు పెట్టాడు. ఆగస్టులో మానేశాడు.
సర్వే అమ్మాయి ఫోన్లో అడిగిందట:
"గత నాలుగు వారాల్లో పని వెతికారా?"
అబద్ధం నోటికి రాని మనిషి. "లేదమ్మా" అన్నాడు.
అంతే. పని లేనివాళ్ల లెక్కలో కూడా
అతనికి పని లేకుండా పోయింది.

పైన లవం, నడుమ గీత, కింద హారం.
హారంలోంచి ఓ పూస జారిపోతే
దారం కాస్త బిగించి ముడేస్తే చాలు,
మెడకి నిండుగానే కనిపిస్తుంది.

శనివారం సంతలో యేర్ వాంగ్
కాబేజీని రెండుగా చీలుస్తోంది.
"నిరుడు సగం ఎవరూ అడిగేవాళ్లు కాదు" అంది,
"ఇప్పుడు కత్తి కింద పెట్టడానికి లేదు."
మంగలి క్లెటస్‌ది ఇంకో లెక్క:
నెలకోసారి వచ్చే తలలు ఆరేడు వారాలకి వస్తున్నాయి,
జుట్టు మాత్రం ఆగదు కదా, చెవులు దాటేస్తోంది.
రెండూ చీటీ మీద రాసుకున్నాను.
ఏ గడిలో వెయ్యాలో తెలీక
చీటీ ఇంకా కోటు జేబులోనే ఉంది.

గురువారం బ్యాంకువాళ్ల అల్పాహారం.
తెర మీద నా గీత కొండెక్కింది. చప్పట్లు.
"పుంజుకున్నాం" అన్నాడు అధ్యక్షుడు
పాన్‌కేకు మీద పాకం పోసుకుంటూ.
ఒకావిడ చెయ్యెత్తింది: "వచ్చే త్రైమాసికం ఎలా ఉండొచ్చు?"
"మళ్లీ వడగళ్లు పడితే బాగుంటుంది" అన్నాను.
జోకనుకున్నారు.

ఇవాళ ఆదివారం.
కింద నేను నివేదికకి ఆఖరి పేరా రాస్తున్నాను,
పైన ఆర్లో నా ఇంటి కప్పుకి మేకులు కొడుతున్నాడు.
పర్మిట్ లేదు, కూలి లేదు,
మధ్యాహ్నానికి బార్లీ సూపు మాత్రం ఉంది.
వాక్యం మధ్యలో టక్కుటక్కున పడే ఈ చప్పుడు
ఏ ఖాతాలోకీ రాదు.

కాసేపటికి కిటికీ పైనుంచి
తలకిందులుగా ఒక ముఖం వంగింది.
"ఏమంటోంది నీ అంకె?"
"లేచింది" అన్నాను.
"సరే, వచ్చి నిచ్చెన పట్టుకో" అన్నాడు,
"నేను దిగాలి."