నాలుగో కొస

నేను వద్దన్నాను. ఆ సంగతి ముందే రాసుకోవాలి.
పెరంబూరు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు,
నీళ్ళ లారీ రోజు విడిచి రోజు.
ఇంత బొచ్చున్న జీవిని
ఈ ఉక్కపోతలోకి ఎవరైనా తెస్తారా?
తనూజ స్కూలు సంచిలోంచి తల బయట పెట్టి చూసింది,
దిగగానే నా కుచ్చిళ్ళు తడిపింది.
ఆ రంగు చూసి మావారు బూరె అని పేరు పెట్టారు.
కిందివాళ్ళ తమిళంలో అది పూరి అయింది.
రెండింటికీ తోకాడించింది.

బంగారు జాతట.
ఇరవై ఆరేళ్ళ కాపురంలో
ఈ ఇంటికొచ్చిన బంగారం అదొక్కటే,
అదీ రోజూ రాలిపోయేది.
పప్పులో వెంట్రుక, పూజ గూట్లో వెంట్రుక,
మావారి నల్ల ప్యాంటు మీద
ఆఫీసు దాకా వెళ్ళొచ్చే వెంట్రుక.
ఆదివారం మేడ మీద దువ్వితే చాటెడు.
గాలికి లేచి అవి
రెండో అంతస్తు ఏకాంబరంగారు ఆరబెట్టిన
వడియాల మీద వాలేవి.

పెద్దాయన అసోసియేషన్‌కి మూడు ఉత్తరాలు రాశారు.
తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి,
చేతిరాత ముత్యాలే.
మూడో దాని నకలు మా తలుపు కింద తోస్తే
బూరె నోట కరుచుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది.
పంటి గాటు లేదు, అంచు కొంచెం తడి.
తెచ్చివ్వడమే వాడి పని.
ఒంటి చెప్పు, ఉల్లిపాయ, పక్కింటి పాపాయి మేజోడు,
ఒకసారి బతికున్న పిచ్చుక.
నా అరచేతిలో వదిలితే
ఒళ్ళు దులుపుకుని ఎగిరిపోయింది.

చూశారా, వాడు అనేశాను.
అది ఎప్పుడు వాడైందో నాకే తెలీదు.
బహుశా కత్తిరి ఎండల్లో,
తెల్లారి నాలుగున్నరకి
తారు మీద చెయ్యి తిరగేసి ఆనించి
రాత్రికైనా చల్లారిందా అని చూసిన రోజుల్లో.
బహుశా దీపావళి రాత్రి స్నానాలగదిలో
బకెట్టు పక్కన ఇద్దరం ఒదిగి
ఒక్కో బాంబుకీ ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నప్పుడు.
నా పెళ్ళిలో కూడా ఎవరూ
అంతసేపు నా మొహంలోకి చూడలేదు.

పదకొండేళ్ళు.
మూతి తెల్లబడింది, తుంటి అరిగింది.
మెట్లు వద్దన్నాడు డాక్టరు.
మెట్లు యాభై నాలుగు.
వాడు ముప్పై నాలుగు కిలోలు.

చీరాల దుప్పటి తీశాను.
ఒక కొస మావారు, ఒకటి తనూజ, ఒకటి నేను.
నాలుగోది వేలాడుతోంది.
మొదటి మలుపులోనే వాడు అటు జారాడు.
మా అమ్మ ఉంటే లెంపలు వేయించేది,
బతికున్నవాణ్ణి నలుగురు మోయడమేమిటే అని.
ముగ్గురమే కదమ్మా,
అదే కదా వచ్చిన చిక్కు.

రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది.
బనీను, మోకాళ్ళ పైకి మడిచిన పంచె.
ఏకాంబరంగారు ఏమీ అడగలేదు.
వేలాడే కొసని చేతికి రెండు చుట్లు చుట్టారు,
తపాలా సంచి మూతి బిగించినట్టు.
దిగుతున్నంతసేపూ తమిళంలో తిడుతూనే ఉన్నారు.
బొచ్చు, కంపు, అసోసియేషన్ చేతకానితనం.
వాడు పల్లకీలో పెళ్ళికొడుకులా పడుకుని
ఆయన మణికట్టు నాకుతూనే ఉన్నాడు.

వీధిలో ఇంకా పాలవాడి సైకిలొక్కటే.
కరెంటు స్తంభం దగ్గర వాడు వణుకుతూ నిలబడి
చాలాసేపు, చాలా చాలాసేపు పోశాడు.
నలుగురం మరోవైపు చూస్తూ నిలబడ్డాం,
మర్యాద కోసం.
ఏకాంబరంగారు పంచె మీది వెంట్రుక ఒకటి తీసి
వీధిదీపానికి పట్టి చూశారు.
పారేయలేదు, దాచుకోనూ లేదు,
వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"రేపు ఎన్నింటికమ్మా?" అన్నారు,
శుభ్రమైన తెలుగులో.
పదకొండేళ్ళుగా
ఆ మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ
ఆయన గురించి మేమనుకున్నవన్నీ
ఒక్కొక్కటే గుర్తొచ్చి
నేను దుప్పటి కొస సర్దుకున్నాను.

ఇంకా యాభై నాలుగు, పైకి.