నడుమెత్తు

మోకాటెత్తు లేస్తానే పిట్టగోడ
"సాలు మాబూ, ఇటుకలు ఊరకొస్తాయా?" అన్యాడు ఇంటాయన.
సాలన్యాను.
తాపీ కడుక్కోని, కూలి ఎంచుకోని
ఎర్రగుంట్ల బస్సెక్కినాను.

ఎండాకాలం. కరెంటు లేని రాత్రి.
మిద్దె మీద పండుకున్న ఓబులేసు
నీళ్లకని లేసి, నిద్రమబ్బులో
నాలుగడుగులేసినాడంట.
ఐదోది గాల్లో.

కాలు ఇరిగింది, పానం దక్కింది.
సూసుకోని నడవాల గదా అన్యారు అందరూ.
నిజమే.
నేనూ సూసుకోని కట్టాల గదా.

ఇప్పుడు టేపొక్కటే నమ్మను.
గోడకానుకోని నిలబడతా,
నడుం దాటితేనే దిగుతా.
మెట్ల కాడ కమ్మీల సందులో చెంబు దూర్చి సూస్తా,
దూరిందా, ఊడబీకుతా.

"పిట్టగోడకింత ఎత్తేంటికి?" అని నగుతారు.
పిట్టలకు రెక్కలుండాయి సామీ.
మస్తానూ, ఇంకో వరస.
ఇటుకందియ్.